నూట ఇరవై గజాల కొండ

మా మండలంలో కొండలు లేవని ఎవరైనా అన్నారంటే వాళ్ళు పోయిన ఏడాది ఇక్కడ లేరని అర్థం. డిసెంబరు ముప్పై ఒకటి దాకా నిజంగానే లేవు. జనవరిలో పుట్టడం మొదలుపెట్టి, మార్చి నెలాఖరుకి నలభై ఒక్కటయ్యాయి. ఇంత తొందరగా కొండలు పుట్టిన చోటు భూమ్మీద ఇంకెక్కడా ఉండదు. చూసిపోదామని ఒక్క శాస్త్రవేత్త అయినా రాలేదేమిటా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నా పేరు సదాశివ పట్నాయక్. గుమ్మలపాలెం తహసీల్దారు ఆఫీసు గేటు పక్కన గొడుగు కింద బల్ల వేసుకుని ఇరవై ఆరేళ్ళుగా జనానికి అర్జీలు రాసిపెడుతున్నాను. దస్తావేజుకి ఒక రేటు, అర్జీకి ఒక రేటు, ఏడుస్తూ వచ్చినవాళ్ళకి టీ ఉచితం. నా దస్తూరీ బాగుంటుందని ఆఫీసు లోపలివాళ్ళు కూడా మెచ్చుకుంటారు. నా అర్జీల వల్ల పనులవుతాయని మాత్రం ఇంతవరకూ ఎవరూ అనలేదు.

కొండలెలా పుట్టాయో చెబుతాను. భూమాపన శాఖలో ఎవరో మహానుభావుడికి ఒక ధర్మసందేహం వచ్చింది. చదును పొలం కొలిచే సర్వేయరుకీ, కొండెక్కి కొలిచే సర్వేయరుకీ ఒకే ఫీజంటే ఎలా? కొండ మీద ఆయాసం వస్తుంది, జలగలు పడతాయి, టీ దొరకదు. ఈ బాధలన్నీ తలచుకుని కొత్త రేట్ల పట్టిక తయారుచేశారు. మైదాన ప్రాంతానికి ఐదు వందలు. నగర శివారుకి పదిహేను వందలు, ఎందుకంటే శివారులో కుక్కలెక్కువ. కొండ ప్రాంతానికి పన్నెండు వేలు, అందులో నాలుగు వేలు ఎక్కిన సిబ్బందికి కొండ భత్యం. కొండంటే ఏమిటో కూడా రాయాలి కదా, అదీ రాశారు. "పక్క రహదారి మట్టమునకు మూడు మీటర్లు, అంతకు మించిన ఎత్తు గల సమస్త భూభాగమును కొండగా పరిగణింపవలెను."

పరిగణించే పని ఎవరికిచ్చారంటే, భత్యం తీసుకునేవాళ్ళకే ఇచ్చారు. ఇక చూడండి మావాళ్ళ చురుకు. మొదటి వారంలో రైలుకట్ట కొండయింది. రెండో వారంలో మునిసిపాలిటీ చెత్తగుట్ట, ఇటుకబట్టీ వెనక బూడిదదిబ్బ. పశువుల ఆసుపత్రి వెనక పేడకుప్ప రెండు మీటర్ల తొంభై దగ్గర ఆగిపోతే సిబ్బంది రోజూ వెళ్ళి దాన్ని చూసొచ్చేవారు. ఒకాయన ఇంటి దగ్గర్నుంచి తట్టతో తెచ్చి పోశాడని కూడా విన్నాను, కానీ నేను చూడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దాలమ్మ నా బల్ల దగ్గరికొచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంటమనిషి. యాభై దగ్గరుంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో కాగితాలు, కాగితాల మీద పసుపు మరకలు.

"బాబూ, నా జాగా కొలిపించాల. కాయితం రాయండి," అంది.

"ఎంత జాగా?"

"నూట ఇరవై గజాలు. పద్నాలుగేళ్ళు సీటీ కట్టి కొన్నాను."

సంగతేమిటంటే, ఆమె భర్త బైరాగి సెంట్రింగ్ మేస్త్రి. శ్లాబు మీంచి పడి నడుము విరిగింది, కాళ్ళు కదలవు. అద్దె తక్కువని వాళ్ళుండేది మూడంతస్తుల మేడ మీద రేకుల గదిలో. ఇప్పుడు ఇళ్ళ పథకంలో ఆమెకి ఇల్లు మంజూరైంది. మార్చి ముప్పై ఒకటిలోగా స్థలం హద్దుల సర్టిఫికెట్టు తెచ్చి ఇవ్వాలి. లేకపోతే మంజూరు రద్దు.

"ఆయన కిందికి దిగి పదకొండు నెల్లయిపోనాది బాబూ," అంది. "ఆస్పటలికని ఒకపాలి దించినాం. మళ్ళీ ఎక్కించినప్పుడు నలుగురు మగోళ్ళకి ఊపిరాడలేదు. మరి దించొద్దు, నన్నిలా ఒగ్గీమన్నాడు. రెండు గదులేసుకుంటే సాలు. నేలమీద ఇల్లు. గుమ్మం దిగితే మన్ను తగలాల, అంతే."

"స్థలంలో ఏమైనా ఉందా?"

"పక్కన అపార్టుమెంటు కడతన్నారు కదండి. కిందికి రెండంతస్తులు తవ్వి ఆ మట్టంతా నా జాగాలో పోసినారు. గోడలు లేచాక మళ్ళీ గోడల పక్కన కప్పడానికి అదే మట్టి కావాలట. అప్పుడు తీసుకెల్లిపోతామన్నారు."

బిల్డర్లందరూ చేసేపనే కనక నేను పట్టించుకోలేదు. శివారు ప్రాంతమని రాసి, పదిహేను వందలు కట్టించి పంపేశాను. అక్కడ నాకు బుద్ధి పనిచెయ్యలేదు.

ఫిబ్రవరి మొదటివారంలో సర్వేయరు కామేశం స్థలం చూడ్డానికొచ్చాడు. దాలమ్మ బతిమాలితే నేనూ వెళ్ళాను. మట్టికుప్ప దగ్గరికి రాగానే కామేశం ముఖం విప్పారింది. చుట్టూ తిరిగాడు. గొలుసు పట్టుకునే మనిషిని పైకెక్కించి, రోడ్డు మట్టం నుంచి టేపు పట్టించాడు. మూడు మీటర్ల పది.

"ఇది కొండమ్మా," అన్నాడు.

"కాదు బాబూ, మట్టి."

"కొండలన్నీ మట్టే."

"అపార్టుమెంటోలు పోసినారు. నెలైనా అవనేదు."

"కొండ వయసు గురించి నియమావళిలో లేదమ్మా. ఎత్తు గురించే ఉంది."

"ఆల్లు తీసుకెల్లిపోతారండి బాబూ!"

కామేశం నవ్వాడు. "కొండలు వెళ్ళిపోతాయని నేను రిపోర్టు రాస్తే నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తారు. మిగతా పదివేల ఐదొందలు కట్టించండి పట్నాయక్ గారూ. రేపోమాపో ఎక్కేద్దాం."

నేను అభ్యంతర పత్రం రాశాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. పది రోజులకి జవాబొచ్చింది. "సదరు ఎత్తు సహజమో కృత్రిమమో తేలవలెనన్న సర్వే జరుపవలసియున్నది. సర్వే జరుపవలెనన్న కొండ ప్రాంత రుసుము చెల్లింపవలసియున్నది. కావున అర్జీదారు తొందరపడక రుసుము చెల్లింపవలసినదిగా తెలియజేయడమైనది."

ఫిబ్రవరి ఇరవై దాటింది. నేనే చెప్పాను, నా నోటితో నేనే. "దాలమ్మా, వీళ్ళతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు. కొండంటే కొండనే ఒప్పేసుకో. డబ్బు కట్టి కాగితం పట్టుకుపో. నీక్కావల్సింది సర్టిఫికెట్టే కదా?"

ఆమె కాగితాలు మళ్ళీ కవర్లో సర్దుకుంది. "మీరు సదువుకున్నోలు. మీరెలాగంటే అలాగే," అంది. మర్నాడు వచ్చేసరికి చెవులకి కమ్మల్లేవు. వేపపుల్లలు పెట్టుకుంది.

చలానా నింపింది నేనే. భూమి స్వభావం అన్న గడిలో "కొండ" అని గుండ్రంగా రాశాను. ఆమె కింద సంతకం పెట్టింది.

ఆ పది అడుగుల మట్టికుప్పను ఎక్కిన రోజు నేను చచ్చేదాకా మర్చిపోను. మిట్టమధ్యాహ్నం కామేశం మంకీ క్యాపు పెట్టుకుని వచ్చాడు. వెనకాల ఇద్దరు మనుషులు, నడుముకి తాళ్ళు, చేతికర్రలు, గ్లూకోజు పొట్లాలు. కొండ సర్వేకి నాలుగు గంటలకి తక్కువైతే భత్యం రాదట. అందుకని ఆరు అంగలు వేసి సగంలో కూర్చున్నారు. దాన్ని మొదటి మజిలీ అని పుస్తకంలో రాసుకున్నారు. దాలమ్మ హాస్టలు నుంచి ఉప్మా తెచ్చి పెట్టింది. తిన్నాక ఇంకో ఆరు అంగలు వేసి శిఖరం చేరుకుని ఫొటో తీయించుకున్నారు. అవతలివైపు దిగినవాడు కామేశానికి కనిపిస్తూనే ఉన్నాడు, అయినా ఫోన్ చేసి "క్షేమంగా దిగావా?" అని అడిగాడు.

"ఇంక కాయితం ఇచ్చెస్తారా బాబూ?" అంది దాలమ్మ.

"వారంలో వచ్చేస్తుంది. దిగులు పడకు," అన్నాడు కామేశం, కాళ్ళు ఒత్తుకుంటూ.

వారంలో వచ్చింది మాత్రం సర్టిఫికెట్టు కాదు, బోర్డు. రెండు ఇనప కాళ్ళ మీద ఆకుపచ్చ రేకు బోర్డు తెచ్చి మట్టికుప్ప ముందు పాతిపోయారు. దాని మీద తెల్లక్షరాలు. "ఇది ప్రభుత్వ కొండ. అతిక్రమించువారు శిక్షార్హులు."

దాలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. హాస్టల్లో పప్పు పొయ్యి మీద వదిలేసి వచ్చిందట. ఇద్దరం కలిసి భూమాపన శాఖ ఉప సంచాలకులు విశ్వంభరం గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన బల్ల మీద అద్దం, అద్దం కింద నలభై కొండల జాబితా. ఆ జాబితాని ఆయన కన్నబిడ్డల ఫొటో చూసుకున్నట్టు చూసుకుంటున్నారు.

"కొండ అనునది ప్రభుత్వ పోరంబోకు," అన్నారు. "ప్రైవేటు వ్యక్తులకు కొండ కలిగియుండుట ఏ చట్టములోనూ లేదు."

"నా కాడ రిజిస్ట్రీ కాయితం ఉంది బాబూ. నూట ఇరవై గజాలకి."

"ఉండవచ్చును. అది నేలకు. ఆ నేల ఎక్కడున్నది?"

"ఆ మట్టి కింద."

"కొండ కింద ఉన్నదానిని కూడా కొండ అనియే అందురు. అది కొండ యొక్క పాదము."

"నా జాగా కొండని నానెప్పుడన్నాను బాబూ? మీరే కదా అన్నారు?"

విశ్వంభరం గారు ఫైలు తిప్పి చలానా బయటికి తీశారు. "ఈ సంతకము తమరిదే కదా? భూమి స్వభావము, కొండ. తమంతట తామే అంగీకరించి రుసుము చెల్లించియున్నారు. ఇక ప్రభుత్వము కాదనుట ఎట్లు?" అని, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశారు. "ఎంత చక్కటి దస్తూరీ! ఎవరు రాశారిది?"

నేను తలెత్తి ఫ్యాను చూశాను. ఫ్యాను ఆగి ఉంది.

బయటికొచ్చాక ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఆమె కళ్ళు తుడుచుకుని, గ్లాసు ఖాళీ చేసి, "సెక్కెర ఎక్కువైపోనాది బాబూ," అని లేచి వెళ్ళిపోయింది. సిగ్గేసింది నాకు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆ పూట అర్జీలు రాయకుండా గొడుగు ముడిచి ఇంటికెళ్ళిపోయాను.

మార్చి పద్దెనిమిదిన అపార్టుమెంటు సెల్లారు గోడలు పూర్తయ్యాయి. బిల్డరు మాట మీద నిలబడ్డ సంఘటన మా మండలంలో అదొక్కటే అనుకుంటాను. మట్టి తవ్వే యంత్రం ఒకటి, టిప్పర్లు రెండు వచ్చాయి. రెండు రోజుల్లో ప్రభుత్వ కొండని మొత్తం ఎత్తి సెల్లారు గోడల చుట్టూ పోసి, నీళ్ళు కొట్టి, గట్టిగా దిమ్మిస కొట్టేశారు. దాలమ్మ స్థలం పళ్ళెంలా చదునుగా మిగిలింది. మధ్యలో ఆకుపచ్చ బోర్డొక్కటే నిలబడి ఉంది.

ఇరవయ్యో తారీఖు పొద్దున్న దాలమ్మ హాస్టలు వంటవాళ్ళని నలుగుర్ని పిలుచుకుంది. బైరాగిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులూ దించారు. ఆటోలో స్థలానికి తెచ్చి, మళ్ళీ కుర్చీలో దించారు. ఆయన వంగి, రెండు చేతులతో తన పాదాలు ఒకటొకటిగా ఎత్తి నేలమీద పెట్టుకున్నాడు.

"సల్లగుందే దాలీ," అన్నాడు.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగింది. నేనూ ఇటు తిరిగాను.

సరిగ్గా అప్పుడే మోటారు సైకిలు మీద కామేశం వచ్చాడు. బోర్డు చూశాడు. బోర్డు వెనకాల చూశాడు. హెల్మెట్టు తీసి మళ్ళీ చూశాడు.

"కొండేదీ?" అన్నాడు.

"ఎల్లిపోనాది బాబూ," అంది దాలమ్మ. "నాను ముందే సెప్పినాను కదేటి!"

"నా కొంప ముంచావు కదమ్మా! వచ్చేవారం ఆడిట్ ఉంది. ఈ కొండ ఎక్కినందుకు ముగ్గురం భత్యం తీసుకున్నాం. కొండ చూపించమంటే ఏం చూపించను?"

ఆ సాయంత్రానికే నోటీసు. "సదరు సర్వే నంబరు నందలి ప్రభుత్వ కొండ అదృశ్యమైనట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. కొండకు చిట్టచివరి రుసుము చెల్లించినవారు తామే అయినందున, ఏడు దినములలోగా కొండను యథాస్థానమున ఉంచవలెను. లేనియెడల ప్రభుత్వ ఆస్తి అపహరణ నేరము క్రింద చర్య తీసుకొనబడును."

నేను చదివి వినిపించాను. ఆమె కుదురుగా విని, "కొండ ఎక్కడుందో ఆల్లకి తెల్దా బాబూ?" అంది.

"తెలీదు. దొంగతనం అంటున్నారు."

"నాకు తెలుసు కదా. మరెందుకు దాసడం? రాయండి. మీ కొండ అపార్టుమెంటు సెల్లారులో ఉంది, ఎల్లి తెచ్చుకోండని రాయండి."

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఇరవై ఆరేళ్ళ నుంచి కలం పట్టుకుని నేను వెలగబెట్టిందేమిటి? ఒక పెద్ద కాగితం తీశాను. వాళ్ళ భాషలోనే రాశాను. "ప్రభుత్వ కొండ ఎక్కడికి పోయినను అది ప్రభుత్వ కొండయే అగునని, అది ప్రస్తుతము ప్రక్క భవనపు సెల్లారు గోడల చుట్టూ నివసించుచున్నదని, ఎక్కిన సిబ్బంది వచ్చి గుర్తుపట్టవచ్చునని సవినయముగా మనవి." నకళ్ళు తీసి కనిపించిన ప్రతి ఆఫీసుకీ పంపించాను. రాసినందుకు డబ్బు తీసుకోలేదు.

విశ్వంభరం గారు జీపులో స్వయంగా వచ్చారు. కామేశం సెల్లారు పక్కన మట్టిని పిడికెడు తీసి, వాసన చూసి, "ఇదేనండి. మొదటి మజిలీ దగ్గరి మట్టి," అన్నాడు. ఉప సంచాలకుల కళ్ళు మెరిశాయి. జాబితాలోంచి పోయిన కొండ దొరికింది మరి. పైగా ఇప్పుడు దాని మీద ఐదంతస్తుల మేడ కూడా లేస్తోంది, అది పూర్తయితే మండలంలో దీన్ని మించిన కొండ ఉండదు. ఇరవై ఆరో తారీఖున స్తంభాలకి ఎర్ర రంగు కొట్టి, "ఈ భవనము ప్రభుత్వ కొండపై ఉన్నది, కొనుట అమ్ముట నిషిద్ధము" అని అంటించిపోయారు. అరవై ఫ్లాట్లు. సగం ముందే అమ్ముడయిపోయాయి.

అప్పుడు బిల్డరు ఒక ఫోన్ చేశాడు. ఎవరికి చేశాడో నాకు తెలీదు, తెలిసినా చెప్పను. ఇరవై ఏడు మధ్యాహ్నం పన్నెండుకి ఫోన్ వెళ్ళింది, మూడున్నరకి సవరణ ఉత్తర్వు వచ్చింది. "మనుషులచే పోయబడిన మట్టి కొండ కాజాలదు. ఇంత చిన్న విషయమును ఇన్నినాళ్ళు శాఖ దృష్టికి ఎవరూ తీసుకురాకపోవుట మిక్కిలి విచారకరము."

దాలమ్మ ఎన్నిసార్లు తీసుకొచ్చిందో నేను లెక్కపెట్టలేదు. ఆ ఒక్క మధ్యాహ్నంలో నలభై ఒక్క కొండలూ మాయమయ్యాయి. రైలుకట్ట మళ్ళీ రైలుకట్ట అయింది. చివర్లో కొండగా ఎదిగిన పేడకుప్ప కూడా పేడకుప్పే అయింది. ఎక్కిన ఆయాసం నిజమే కనక సిబ్బంది భత్యాలు తిరిగి కట్టనక్కర్లేదని కింద చిన్నక్షరాల్లో ఉంది.

ఇరవై ఎనిమిది పొద్దున్న దాలమ్మా నేనూ కామేశం ముందున్నాం.

"శుభం. ఇప్పుడు మీది శివారు ప్రాంతం," అన్నాడు. "పదిహేనొందలు కట్టండి, కొలిచేద్దాం."

"ఆవిడ పన్నెండు వేలు కట్టిందయ్యా!" అన్నాను నేను. కేక వేశాననే చెప్పాలి.

"అది కొండకండీ. ఆ కొండ లేదు కదా. లేని కొండ మీద కట్టిన సొమ్ము ఏ పద్దులో వెనక్కివ్వాలో నియమావళిలో లేదు. రాయించుకుని రండి."

రాయించుకుని రావడానికి ఆమెకి మూడు రోజులే ఉన్నాయి. ఆ పదిహేనొందలు నేను కట్టాను. వద్దంటుందేమో అనుకున్నాను గానీ అనలేదు. కామేశం ఆ రోజే పది నిమిషాల్లో కొలిచేశాడు, మంకీ క్యాపు లేకుండానే. సంతకానికి మాత్రం ఆగాల్సొచ్చింది. సంవత్సరాంతపు లెక్కలు, ఆడిట్టు, ఆ తర్వాత ఆదివారం. సర్టిఫికెట్టు చేతికొచ్చేసరికి ఏప్రిల్ ఒకటి.

ఇళ్ళ ఆఫీసులో గుమాస్తా మంచివాడే. కాగితం చూసి చాలా బాధపడ్డాడు. "నిన్న తెచ్చుంటే బాగుండేదమ్మా. ఆన్‌లైన్లో మీ పేరు దానంతటదే ఎగిరిపోయింది. మళ్ళీ పథకం వస్తే అప్లై చేసుకోండి," అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత నేను వాళ్ళ స్థలానికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. నాలుగు వెదురు బొంగులు పాతి, పైన నీలం టార్పాలిను కట్టుకున్నారు. కింద నవారు మంచం. దాని మీద బైరాగి, కాళ్ళు నేలకి ఆనించి కూర్చుని ఉన్నాడు. పాదాల నిండా మన్ను.

"ఆ రోజు దిగినోడు మరి ఎక్కనన్నాడు బాబూ," అంది దాలమ్మ. "గది కాళీ సేసీసినాం. వర్షాలొచ్చీలోపల రేకులు సూడాల."

నేను జేబులోంచి ఆమె ఇచ్చిన పాత ఫీజు తీసి ఇవ్వబోయాను. చలానా నింపినందుకు తీసుకున్నది. ఆమె చెయ్యి చాపలేదు.

"అదుంచండి. నాకో పని సేసిపెట్టండి. మీ రాత బాగుంటాదన్నాడు కదా ఆ పెద్దాపీసరు," అని ఆకుపచ్చ బోర్డు చూపించింది. దాన్ని పీకి, వెనక్కి తిప్పి మళ్ళీ పాతించింది. వెనకవైపు ఖాళీ రేకు. పక్కనే ఒక డబ్బాలో తెల్లరంగు, కుంచె. "ఇక్కడ మట్టి పొయ్యొద్దని రాయండి. ఎవులూ పొయ్యకూడదు."

రాశాను. ఇరవై ఆరేళ్ళలో డబ్బు తీసుకోకుండా రాసింది ఇది రెండోది. "ఇక్కడ మట్టి పోయరాదు" అని పెద్దక్షరాలతో రాశాక కింద ఇంకా చోటు మిగిలింది.

మంచం మీంచి బైరాగి అడిగాడు. "ఇంకో ముక్క రాయండి బాబూ. ఇది నేల అని."

అదీ రాశాను. ఎక్కిన స్టూలు దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. తర్వాత సంచీలోంచి టేపు తీసి, రోడ్డు మట్టం నుంచి బోర్డు ఎంత ఎత్తుందో ఒకసారి కొలిచాను. రెండు మీటర్ల పది. ఫర్వాలేదు.